జాబితాకెక్కని పేర్లు: ఆస్కార్ నామినేషన్లపై ఒక సంవాదం

అమెరికాలో 1927లో ఏర్పడిన అకాడమీ ఆఫ్ మోషన్ పిక్చర్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ అనే సంస్థ 1929 మే 16న తొలిసారి ప్రదానం చేసి, నేటికీ ఏటా ప్రదానం చేస్తూ వస్తున్న పురస్కారాలనే లోకం ఆస్కార్ అవార్డులని పిలుస్తోంది. వీటి ఎంపిక రెండు దశల్లో జరుగుతుంది: మొదటి దశలో ఒక్కొక్క విభాగానికి సాధారణంగా అయిదు పేర్లను తుది పోటీకి ఎంచుతారు, దీనినే నామినేషన్ అంటారు, రెండో దశలో ఆ అయిదింటిలో ఒకదానిని విజేతగా ఎన్నుకుంటారు. తుది పోటీలో ఓడిన నలుగురి పేర్లు చరిత్రలో నమోదై ఉంటాయి గాని, జాబితాకే ఎక్కనివారి పేరు ఆ చరిత్రలో సాధారణంగా మిగలదు. కాబట్టి విజేతల ప్రకటన కన్నా నామినేషన్ల ప్రకటనే ఎక్కువ సంతోషానికీ, ఎక్కువ ఆవేదనకూ కారణమవుతూ వచ్చింది. ఊహించని పేరు చేరడం, అందరూ ఊహించిన పేరు జారిపోవడం అన్న ఈ రెండింటిని ఎలా అర్థం చేసుకోవాలన్నదే ఇక్కడి చర్చ. పాల్గొంటున్నవారిలో ఒకరు సినిమా పత్రిక సంపాదకుడు. జాబితాలో చోటు దక్కకపోవడం చాలా సందర్భాల్లో అన్యాయమేనన్నది ఆయన పక్షం. మరొకరు ఎన్నికల పద్ధతులను అధ్యయనం చేసిన ఆచార్యురాలు. అన్యాయంగా కనిపించేది చాలావరకు నియమాల ఫలితమన్నది ఆమె పక్షం. 2023 జనవరి 24న వెలువడిన 95వ ఆస్కార్ నామినేషన్లతో వాదం మొదలయింది.

సంపాదకుడు: ఆ ఏడాది ఉత్తమ నటి విభాగాన్నే పరిశీలించండి, ఆచార్యులవారూ. అమెరికా నటీనటుల సంఘం ఇచ్చే స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ పురస్కారాలకు అంతకు ముందే ఎంపికైన అయిదుగురిలో 'ది వుమన్ కింగ్' కథానాయిక వయోలా డేవిస్, 'టిల్' కథానాయిక డేనియల్ డెడ్‌వైలర్ ఉన్నారు. ఆస్కార్ జాబితా వచ్చేసరికి ఆ ఇద్దరు నల్లజాతి నటీమణుల పేర్లూ లేవు. అనూహ్యంగా చోటు దక్కించుకున్నది 'టు లెస్లీ' అనే చిన్న చిత్రంలో నటించిన ఆండ్రియా రైజ్‌బరో. ఆ చిత్రం థియేటర్లలో వసూలు చేసింది దాదాపు 27 వేల డాలర్లు మాత్రమే. అయినా ఓటింగ్ సమీపించిన రోజుల్లో పేరున్న తారలు ఒకరి తర్వాత ఒకరు సామాజిక మాధ్యమాల్లో ఆమె నటనను కొనియాడారు. ప్రచార తీరుపై అకాడమీయే సమీక్ష జరిపి, కొన్ని పద్ధతులు ఆందోళన కలిగించాయని అంగీకరిస్తూనే, నామినేషన్‌ను రద్దు చేసేది లేదని జనవరి 31న ప్రకటించింది. పలుకుబడి ఉన్నవారి స్నేహం ఒకరిని లోపలికి తెచ్చి, ఆ స్నేహం లేనివారిని బయట నిలబెట్టిందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఏముంటుంది?

ఆచార్యురాలు: ఆ ఫలితం మనసుకు కష్టం కలిగించేదేనని ఒప్పుకోవలసిందే, సంపాదకులవారూ, అయితే తీర్పు చెప్పే ముందు ఆ విభాగంలో ఓట్లను ఎలా లెక్కిస్తారో తెలుసుకోవాలి. నటీనటుల నామినేషన్లకు ఓటు వేసేది అకాడమీలోని నటుల శాఖ సభ్యులు మాత్రమే. ప్రతి సభ్యుడూ తనకు నచ్చిన అయిదు పేర్లను వరుస క్రమంలో, ఎక్కువ నచ్చిన పేరును మొదట పెట్టి రాస్తాడు. దీన్ని ప్రాధాన్య ఓటింగ్ అంటారు. లెక్క సులువుగా ఉండడానికి 1,200 మంది ఓటు వేశారనుకుంటే, అయిదు స్థానాలకు ఒకటి కలిపి, మొత్తం ఓట్లను ఆరుతో భాగించి, వచ్చిన 200కు మరొకటి చేరుస్తారు. అలా వచ్చిన 201 ఓట్లు సాధించిన వ్యక్తికి స్థానం ఖాయం, ఎందుకంటే ఆరుగురికి తలా 201 ఓట్లు రావాలంటే 1,206 ఓట్లు కావాలి, ఉన్నవి 1,200 మాత్రమే. మొదట లెక్కలోకి వచ్చేది ప్రతి పత్రంపై ఉన్న మొదటి పేరు ఒక్కటే. అందరికన్నా తక్కువ ఓట్లు వచ్చిన వ్యక్తిని తొలగించి, ఆ పత్రాలను వాటిపై రాసిన తర్వాతి పేరుకు బదిలీ చేస్తూ పోతారు.

సంపాదకుడు: అంటే నూరుమందికి నచ్చిన నటి కన్నా పాతికమందికి ప్రాణప్రదమైన నటికే ఈ పద్ధతిలో మేలు జరుగుతుందన్నమాట.

ఆచార్యురాలు: సరిగ్గా అదే జరుగుతుంది. వెయ్యిమంది పత్రాలపై మూడో పేరుగా ఉండి, ఎవరి పత్రంపైనా మొదటి పేరుగా లేని నటిని తొలి విడతలోనే తొలగిస్తారు. ఆ వెయ్యిమంది గౌరవం లెక్కలోకే రాదు. 201 మంది మాత్రం ఏకాగ్రతతో మొదటి స్థానంలో రాసిన పేరు గట్టెక్కుతుంది. పెద్ద సంస్థల ప్రచారం లేని చిన్న చిత్రానికి దారి దొరకాలన్న ఉద్దేశానికి ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది, కాని అందరూ మంచిదని ఒప్పుకుంటూ ఎవరూ తొలి ఓటు వేయని పనికి ఇందులో రక్షణ లేదు. కాబట్టి రైజ్‌బరోకు చోటు దక్కడమూ, ఇంకొకరికి దక్కకపోవడమూ ఎవరో కూర్చుని చేసిన అవమానం కానక్కరలేదు. వేరువేరు గదుల్లో, ఒకరికొకరు తెలియకుండా నింపిన పత్రాల కూడికే అలాంటి ఫలితాన్నిస్తుంది.

సంపాదకుడు: లెక్క నిష్పక్షపాతంగా ఉండవచ్చు గాని, లెక్కలోకి వచ్చే మనుషులు ఎవరన్నది లెక్క నిర్ణయించదు. 2015లోనూ, 2016లోనూ నటనకు సంబంధించిన నాలుగు విభాగాల్లో నామినేషన్ పొందిన 20 మందికి 20 మందీ శ్వేతజాతీయులే కావడం యాదృచ్ఛికమని ఎవరైనా నమ్మగలరా? 2015లో మార్టిన్ లూథర్ కింగ్ ఉద్యమాన్ని చిత్రించిన 'సెల్మా' ఉత్తమ చిత్రం పోటీలో నిలిచింది, దాని పాటకు అవార్డు కూడా దక్కింది. కాని ఆ సినిమాను తీర్చిదిద్దిన దర్శకురాలు ఆవా డువెర్నే గాని, కింగ్ పాత్రను పోషించిన డేవిడ్ ఒయెలోవో గాని జాబితాలో లేరు. స్నేహాలు, పరిచయాలు, అలవాటైన అభిరుచులు ఒకే వర్గంలో తిరుగుతున్నప్పుడు, వేరువేరు గదుల్లో నింపినా పత్రాలన్నీ ఒకే మాట చెబుతాయి.

ఆచార్యురాలు: ఈ అభ్యంతరం బలమైనది, దీనికి లెక్కల పద్ధతిలో సమాధానం లేదు. అయితే ఒక జాబితాలో ఒక పేరు జారిపోవడం వేరు, ఏళ్ల తరబడి ఒకే రకం పేర్లు జారిపోవడం వేరు. మొదటిదానికి వందల కారణాలు ఉండవచ్చు. రెండోదానికి కారణం ఓటర్ల జాబితాలోనే ఉంటుంది. 2016 జనవరిలో అకాడమీ గుర్తించింది దీన్నే. అప్పటి అధ్యక్షురాలు షెరిల్ బూన్ ఐజాక్స్ నాయకత్వంలో, మహిళలు, శ్వేతేతర వర్గాల సభ్యుల సంఖ్యను 2020 నాటికి రెట్టింపు చేయాలని నిర్ణయించారు, ఆ లక్ష్యాన్ని దాటినట్లు 2020లో ప్రకటించారు. 2021 నామినేషన్లలో నటనా విభాగాల 20 మందిలో 9 మంది శ్వేతేతరులు. ఓటు లెక్కించే సూత్రంలో అక్షరం కూడా మారలేదు, ఓటరు మారాడు, దానితో ఫలితం మారింది.

సంపాదకుడు: మరి 'సెల్మా' విషయంలో సినిమా మంచిదని ఒప్పుకుని దర్శకురాలిని విస్మరించడం ఏ తర్కం? 'ఆర్గో' 2013లో ఉత్తమ చిత్రంగా నిలిచింది, దాని దర్శకుడు బెన్ అఫ్లెక్‌కు మాత్రం దర్శకత్వానికి నామినేషనే లేదు. 2024లో 'బార్బీ'కి 8 నామినేషన్లు వచ్చాయి. దర్శకత్వానికి గ్రెటా గెర్విగ్‌కూ, ప్రధాన పాత్రకు మార్గో రాబీకీ మాత్రం చోటు దక్కలేదు. సినిమా తనంత తాను తయారవుతుందా?

ఆచార్యురాలు: ఉత్తమ చిత్రాన్ని నామినేట్ చేసేది అకాడమీ సభ్యులందరూ, అంటే నటులు, రచయితలు, ఛాయాగ్రాహకులు, శబ్దగ్రాహకులు సహా వేలమంది, ఉత్తమ దర్శకుణ్ణి నామినేట్ చేసేది దర్శకుల శాఖ సభ్యులైన కొన్ని వందల మంది. ఇవి రెండు వేరువేరు ఓటర్ల సమూహాలు గనుక, రెండు తీర్పులు ఒకదానితో ఒకటి పొసగకపోతే అందులో వైరుధ్యం ఏమీ లేదు. పైగా 'ఆర్గో' పోటీపడిన ఏడాది ఉత్తమ చిత్రం విభాగంలో 9 పేర్లుండగా దర్శకుల విభాగంలో 5 పేర్లే ఉన్నాయి. తొమ్మిది మంది అతిథులను పిలిచి అయిదు విస్తళ్లే వేసినప్పుడు, వడ్డించేవారు ఎంత ధర్మాత్ములైనా నలుగురు నిలబడక తప్పదు. గెర్విగ్‌కు దక్కని చోటు ఎవరి దగ్గర నుంచి తీసివ్వాలో కూడా చెప్పాలి: ఆ అయిదుగురిలో 'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్' తీసిన జస్టిన్ ట్రియే అనే ఫ్రెంచి దర్శకురాలు ఉన్నారు. 'బార్బీ' రచనకు గెర్విగ్ మరో విభాగంలో నామినేషన్ పొందారు కూడా. ఒకరిని చేర్చమనే ప్రతి ఫిర్యాదులోనూ మరొకరిని తీసేయమనే కోరిక దాగి ఉంటుంది, అది పైకి చెప్పనంతకాలం ఫిర్యాదు సగమే.

సంపాదకుడు: విస్తళ్లు చాలవన్నప్పుడు ఇంకా వేయమని అడగడం తప్పెలా అవుతుంది? 2009లో 'ది డార్క్ నైట్' 8 నామినేషన్లు సాధించి కూడా ఉత్తమ చిత్రం పోటీలో నిలవలేదు. ప్రేక్షకులూ విమర్శకులూ గట్టిగా ప్రశ్నించారు. ఆ ఏడాది జూన్‌లోనే ఉత్తమ చిత్రం నామినేషన్లను 5 నుంచి 10కి పెంచుతున్నట్లు అకాడమీ ప్రకటించింది. ఆ మార్పు వల్లనే మరుసటి ఏడాది 'అప్' అనే యానిమేషన్ చిత్రమూ, 'డిస్ట్రిక్ట్ 9' అనే వైజ్ఞానిక కల్పనా చిత్రమూ ఆ జాబితాలో చేరగలిగాయి. అంతకన్నా ముందు, 'ఆఫ్ హ్యూమన్ బాండేజ్' చిత్రంలో నటించిన బెట్టీ డేవిస్‌కు 1934 సంవత్సరపు నామినేషన్ దక్కనప్పుడు హాలీవుడ్‌లో పెద్ద దుమారమే రేగింది, జాబితాలో లేని పేరును ఓటు పత్రంపై చేత్తో రాసే వీలును అకాడమీ కల్పించవలసి వచ్చింది. గోల చేయకపోతే నియమాలు మారవు.

ఆచార్యురాలు: గోలకు ఫలితం ఉంటుందన్నది నిజమే, అయితే ఏ ఫలితం నిలిచిందో గమనించాలి. చేత్తో పేరు రాసే వీలు ఉన్నా బెట్టీ డేవిస్ మూడో స్థానంలోనే ఆగిపోయారు, ఆ అవార్డు క్లాడెట్ కోల్బర్ట్‌కు దక్కింది. మరుసటి ఏడాది 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' ఛాయాగ్రాహకుడు హాల్ మోర్ ఆ పద్ధతిలో గెలిచారు. అలా గెలిచినవారు చరిత్రలో ఆయన ఒక్కరే, ఎందుకంటే ఆ తర్వాత ఆ వీలునే తీసివేశారు. ఆ వివాదం నుంచి శాశ్వతంగా నిలిచింది మరొకటి: ఓట్ల లెక్కింపును ప్రైస్ వాటర్‌హౌస్ అనే బయటి అకౌంటింగ్ సంస్థకు అప్పగించడం. ఆవేశం కోరింది ఒక నటికి న్యాయం, అది దొరకలేదు. నియమం సంపాదించింది లెక్కింపుపై నమ్మకం, అది తొంభై ఏళ్లుగా కొనసాగుతోంది. మరో ఉదాహరణ 'హూప్ డ్రీమ్స్'. షికాగోకు చెందిన ఇద్దరు నల్లజాతి బాలురు బాస్కెట్‌బాల్ క్రీడాకారులు కావాలని పడిన తపనను ఏళ్ల తరబడి వెంబడించి స్టీవ్ జేమ్స్ తీసిన ఆ డాక్యుమెంటరీకి 1995లో డాక్యుమెంటరీ విభాగంలోనే నామినేషన్ రాలేదు. నిరసన తీవ్రమైనప్పుడు అకాడమీ వివరాలు తెప్పించి చూసింది. సభ్యులు ప్రతి చిత్రానికీ మార్కులు వేయవలసి ఉండగా, కొందరు తాము కోరుకున్న అయిదు చిత్రాలకు 10 చొప్పున, మిగతా అన్నింటికీ అతి తక్కువ మార్కులు వేశారని తేలింది. ఆ తర్వాత ఆ విభాగపు నియమాలను మార్చారు. మరమ్మతు జరిగింది, తప్పు ఎక్కడుందో అంకెల్లో కనిపించినప్పుడు.

సంపాదకుడు: ఆ అంకెలను తెప్పించింది నిరసనే కదా. ఇక మన విషయానికి వద్దాం. 2022 సెప్టెంబరులో ఫిలిం ఫెడరేషన్ ఆఫ్ ఇండియా, ప్రపంచమంతా చూసి చప్పట్లు కొట్టిన తెలుగు చిత్రం 'ఆర్‌ఆర్‌ఆర్'ను కాదని, గుజరాతీ చిత్రం 'ఛెల్లో షో'ను మన దేశం తరఫున అంతర్జాతీయ చిత్రం విభాగానికి పంపింది. ఆ విభాగానికి దేశం తరఫున వెళ్లిన తెలుగు సినిమా 1986లో విశ్వనాథ్ గారి 'స్వాతిముత్యం' ఒక్కటే. 2013లో 'ది లంచ్‌బాక్స్' ఉండగా 'ది గుడ్ రోడ్' వెళ్లింది. 2024లో కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి గెలిచిన పాయల్ కపాడియా చిత్రం 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' ఉండగా 'లాపతా లేడీస్' వెళ్లింది. ఇక్కడ అకాడమీ ఓటర్ల దాకా పోనక్కరలేదు. మొండిచెయ్యి మన ఇంట్లోనే ఎదురయింది.

ఆచార్యురాలు: ముందుగా 'ఛెల్లో షో'కు న్యాయం చేయాలి. సౌరాష్ట్రలో ఒక పల్లెటూరి బాలుడికి సినిమా ప్రొజెక్టర్‌పై పుట్టిన మోహాన్ని పాన్ నలిన్ ఎంతో ప్రేమతో చిత్రించారు, ఆ చిత్రం అకాడమీ ప్రకటించిన 15 చిత్రాల షార్ట్‌లిస్టు వరకూ వెళ్లింది; దానిని పంపడాన్ని తప్పిదమనడం ఆ శ్రమను చిన్నబుచ్చడమే. అసలు చిక్కు, దేశానికి ఒక్క సినిమానే పంపాలన్న నియమంలో ఉంది. ఇరవైకి పైగా భాషల్లో సినిమాలు తీసే దేశానికీ, ఏడాదికి పదీ పన్నెండు చిత్రాలు తీసే దేశానికీ ఒకే వాటా ఇచ్చినప్పుడు, ఎంపిక సంఘం ఏ నిర్ణయం తీసుకున్నా ఎవరో ఒకరికి అన్యాయం జరిగినట్లే ఉంటుంది. 2024లో జరిగింది ఇందుకు నిదర్శనం: భారతదేశం పంపిన 'లాపతా లేడీస్'కు షార్ట్‌లిస్టులో చోటు లేదు గాని, బ్రిటన్ పంపిన, సంధ్యా సూరి తీసిన 'సంతోష్' అనే హిందీ చిత్రానికి ఆ 15లో చోటు దక్కింది. భాష ఒకటే, ద్వారాలు వేరు.

సంపాదకుడు: ద్వారం మాట వచ్చింది కాబట్టి 'ఆర్‌ఆర్‌ఆర్' పాట 'నాటు నాటు' సంగతి చూడండి. దేశం పంపకపోయినా, చిత్ర బృందం సొంతంగా పలు విభాగాలకు దరఖాస్తు చేసి, అమెరికాలో ప్రచారం సాగించింది. ఆ కష్టానికి ఫలితంగా దక్కింది పాట నామినేషన్ ఒక్కటే. 2023 మార్చి 12న స్వరకర్త కీరవాణి, గీతరచయిత చంద్రబోస్ వేదికపై అవార్డు అందుకున్నారు. తెలుగువారంతా గర్వించవలసిన రోజది. కాని ఆ పాటను లోకం గుర్తుపెట్టుకున్నది ఎందువల్ల? కీవ్‌లోని రాజభవనం ముందు ఇద్దరు కథానాయకులు భుజం భుజం కలిపి, ఒకరి కాలు లేచిన క్షణానే మరొకరి కాలు లేచేటట్లు, ప్యాంటు పట్టీలు పట్టుకుని లాగుతూ వేసిన అడుగుల వల్ల కాదా? ఆ అడుగులు కూర్చిన ప్రేమ్ రక్షిత్‌కు ఆస్కార్‌లో పోటీపడే విభాగమే లేదు. ఆ పాటకు గొంతునిచ్చిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ వేదికపై పాడారు గాని, నియమం ప్రకారం అవార్డు స్వరకర్తకూ గీతరచయితకూ మాత్రమే. జాబితాలో పేరు లేకపోవడం ఒక బాధ. ఆ పనికి జాబితాయే లేకపోవడం అంతకు మించిన బాధ.

ఆచార్యురాలు: ఈ మాటను పూర్తిగా అంగీకరించాలి, దీన్ని బలపరిచే చరిత్ర కూడా ఉంది. 1935, 1936, 1937 సంవత్సరాల చిత్రాలకు అకాడమీ నృత్య దర్శకత్వానికి ప్రత్యేకంగా అవార్డు ఇచ్చి, ఆ తర్వాత ఆపివేసింది. అంటే నృత్యాన్ని కొలవడం సాధ్యం కాదన్న వాదన నిలవదు. సాహస దృశ్యాల రూపకర్తలు దశాబ్దాల పాటు అడగ్గా అడగ్గా, 2027లో విడుదలయ్యే చిత్రాల నుంచి స్టంట్ డిజైన్‌కు అవార్డు ఇస్తామని 2025 ఏప్రిల్‌లో అకాడమీ ప్రకటించింది. వారు ఫలానా ఏడాది ఫలానా వ్యక్తికి అన్యాయం జరిగిందని వాదించలేదు. తమ పని సినిమా కళలో భాగమని, దానికి విభాగం కావాలని అడిగారు. నృత్యానికీ అలా అడగాలి. 'నాటు నాటు' నామినేషన్ చెప్పే పాఠం కూడా ఇదే: పాటల విభాగంలో తొలి ఎంపిక చేసేది సంగీత శాఖ సభ్యులు, అక్కడ దేశం తరఫున ఎవరి అనుమతీ అక్కరలేదు, అందుకే సినిమా దాటలేని గడపను పాట దాటింది. 2023లో కీరవాణి, చంద్రబోస్, కథానాయకులు ఎన్టీఆర్, రామ్‌చరణ్, ఛాయాగ్రాహకుడు సెంథిల్ కుమార్, కళా దర్శకుడు సాబు సిరిల్‌లకు అకాడమీ సభ్యత్వ ఆహ్వానాలు అందాయి. అడగవలసిన గొంతులు ఇప్పుడు లోపలే ఉన్నాయి.

సంపాదకుడు: అయితే తేడా ఎక్కడ మిగిలింది? నియమం తెలిసి అడగాలని మీరంటున్నారు. నియమం తెలియని సామాన్య ప్రేక్షకుడి ఆవేదనకు విలువ లేదంటే మాత్రం ఒప్పుకోవడం కష్టం. 2015లో సామాజిక మాధ్యమంలో మొదలైన నిరసన ఏ సూత్రాన్నీ, ఏ నియమాన్నీ పేర్కొనలేదు. ఆస్కార్ జాబితా ఇంత తెల్లగా ఉందేమిటని మాత్రమే అడిగింది. ఆ ఒక్క ప్రశ్నే ఏడాది తిరిగేసరికి సభ్యత్వ విధానాన్ని మార్చింది. పత్రికలు ఏటా జాబితాలో లేని పేర్లను ప్రచురించకపోతే, ఏళ్ల తరబడి ఒకే రకం పేర్లు జారిపోతున్నాయని మీరు చెప్పిన ఆ తీరు ఎవరి కంటా పడదు.

ఆచార్యురాలు: విలువ లేదనడం లేదు, ఆవేదన ప్రశ్నను పుట్టిస్తుంది, సమాధానాన్ని మాత్రం నియమంలోనే వెతకాలి. ఆ వెతుకులాటకు అడ్డుగా ఉన్నది గోప్యత. 1930లలో రెండో, మూడో స్థానాలు ఎవరివో అకాడమీ చెప్పేది గనుకనే బెట్టీ డేవిస్ స్థానం మనకు తెలిసింది; ఇప్పుడు ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో వెల్లడించడం లేదు. కొన్నేళ్ల గడువు తర్వాతనైనా ఆ అంకెలను బయటపెడితే, వయోలా డేవిస్, డెడ్‌వైలర్‌లు పది ఓట్ల తేడాతో జారారా, వంద ఓట్ల తేడాతో జారారా అన్నది తెలుస్తుంది. దురదృష్టానికీ వివక్షకూ తేడా చెప్పగలిగేది ఆ అంకెలే. తుది ఓటు వేయాలంటే ఆ విభాగంలో నామినేట్ అయిన చిత్రాలన్నీ చూసి ఉండాలని అకాడమీ 2025లో నియమం పెట్టింది. చిన్న చిత్రాలకు అసలు గండం మొదటి దశలో ఉంది గనుక, అక్కడా అలాంటి పూచీ ఏదో ఉండాలి. అలాగే ఇక్కడ దేశం తరఫున ఒక చిత్రాన్ని ఎంపిక చేసే సంఘం ఏయే చిత్రాలను చూసిందో, ఏ కారణాలతో ఒకదాన్ని ఎంచిందో రాతపూర్వకంగా ప్రకటిస్తే, ఓడిన చిత్రానికి కనీసం జవాబు దొరుకుతుంది.

సంపాదకుడు: ఆ మూడు కోరికలనూ పత్రిక తన కోరికలుగా స్వీకరించగలదు. అయితే అంకెలు వెలువడేవరకు, జారిపోయిన పేర్లను రాసిపెట్టే పని మాత్రం ఆపకూడదు.

ఇద్దరి మధ్య తేడా పూర్తిగా సమసిపోలేదు. చోటు దక్కని కళాకారుడి పక్షాన మొదట పలకవలసింది మనసే అన్నది సంపాదకుడి నమ్మకం. మొదట తెరవవలసింది లెక్కల పుస్తకమన్నది ఆచార్యురాలి నమ్మకం. అయినా ఒక విషయంలో ఇరుపక్షాలూ ఏకమయ్యాయి: ఫలానా పేరు ఎందుకు లేదన్న ప్రశ్న, ఆ పేరు ఏ ద్వారం దగ్గర, ఏ నియమం వల్ల, ఎవరి ఓటుతో ఆగిపోయిందన్న ప్రశ్నగా మారినప్పుడే దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత ఒక సంస్థపై పడుతుంది. జారిపోయిన పేరుకు ఆ ఏడాది చోటు తిరిగి రాకపోవచ్చు గాని, అలా అడిగినచోట తర్వాతి ఏళ్లవారికి దారి వెడల్పయిందని 1935 నుంచి నేటివరకు జరిగిన పలు మార్పులు రుజువు చేస్తున్నాయి.